ఉదయగిరి కొండను మండపంలోకి తేవడం ఎట్లా: దారం, గరిటెలు, గొంతులు, వెలుతురు

మీరు అడిగింది ఇది: కావలిలో ఆరుగురు మిత్రులు. ఇద్దరు బొమ్మలు నేర్చినవాళ్లు, తక్కిన నలుగురిలో ఫొటోలు, వీడియోలు, కవిత్వం. నెల్లూరు జిల్లా ఉదయగిరి కోట ఉన్న కొండనీ, మన ప్రాంతపు ధిక్కార సంస్కృతినీ కలిపి నాలుగు రోజుల ప్రదర్శన పెట్టాలి. దొరికింది 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పున్న కల్యాణ మండపం. గోడలకు మేకు కొట్టనివ్వరు. చేతిలో ఉన్నది లక్షన్నర. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది చెడిపోతుంది?

ముందు ఒక మాట. మీరు పంపిన పట్టికలో కొండ ఫొటోలు ఇరవై రెండు, సూర్యోదయాలు ఆరు, ఒక గిటారు, ఒక చే గువేరా. గిటారూ, చే గువేరా తీసేయండి. ఉదయగిరి ముందు వాళ్లకు పని లేదు. ఫొటోలు రెండు చాలు. ఆ కొండను కావలి బస్టాండులో నిలబడినవాళ్లలో సగం మంది చూసే ఉంటారు. చూసినదాన్ని చిన్నది చేసి చట్రంలో పెడితే ఎవరూ రెండో నిమిషం నిలబడరు. వాళ్లు ఎరగనిది దాని కొలత, దాని బరువు, అది ఎవరెవరి చేతుల్లోకి పోయిందన్న సంగతి. ప్రదర్శనంతా ఆ మూడింటి మీద కట్టండి.

ధిక్కారానికి కూడా దూరం పోనక్కర్లేదు. 1960లలో తెలుగు కవిత్వాన్ని కుదిపిన దిగంబర కవులు ఆరుగురిలో ఒకరైన మహాస్వప్నది కందుకూరు పక్క లింగసముద్రం. వాళ్ల మొదటి సంపుటి 1965 మే 6 అర్ధరాత్రి హైదరాబాదులో నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేతుల మీదుగా వెలువడింది. వారాలకు, ఋతువులకు వాళ్లు సొంత పేర్లు పెట్టుకున్నారు. అందులో ఒక ఋతువు పేరు మదిర. అది గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే మీ రెండో కథ కలిగిరి మండలం దూబగుంటది. ఉదయగిరికి పోయే మెట్ట దారిలోదే. అక్షరాలు దిద్దుకోవడానికి రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు 1992లో సారా అంగడి మూయించారు. ఆ మంట జిల్లా దాటింది, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి, రెండేళ్లకే రెండోది సడలించారు, అది వేరే సంగతి. ఒక ధిక్కారం మదిరను ఋతువు చేసుకుంది, ఇంకొకటి మదిరను ఊళ్లోంచి తరిమింది. ఈ రెంటినీ ఎదురెదురు గోడల మీద పెట్టగలిగితే మీ ప్రదర్శనకు వెన్నెముక దొరికినట్టే. రెంటినీ కలిపి 'తిరుగుబాటు' అని ఒకే ముద్ర కొడితే ఆ వెన్ను విరిగింది.

తేదీ విషయం. మండపం దొరకాలన్నా, అద్దె తగ్గాలన్నా పెళ్లిళ్లు లేని రోజులు చూడాలి. ఆషాఢం ఒకటి, డిసెంబరు 16 నుంచి నడిచే ధనుర్మాసం ఒకటి. ఆషాఢంలో మన దగ్గర ఎండ ఇంకా తగ్గదు, రేకుల మండపమైతే మైనం, జిగురు అన్నీ జారిపోతాయి. డిసెంబరులో ఇంకా తుపాను భయం, గాలిలో తడి, కాగితం ఉబ్బి అలలు తేలుతుంది. అందుకని ముక్కనుమ నాడు మొదలుపెట్టండి. వానలు వెళ్లిపోయుంటాయి, పండక్కి ఊరికొచ్చినవాళ్లు ఇంకా ఊళ్లోనే ఉంటారు, చాలా ఏళ్లు అప్పటికి పుష్యమే గనక మండపం ఖాళీ. పండగ ముందు వారం మాత్రం వద్దు, అరిసెల పాకం వదిలిపెట్టి ఎవరూ రారు. నాలుగు రోజుల ప్రదర్శనకు మండపం ఆరు రోజులకు మాట్లాడండి. కట్టడానికి రెండు రోజులు పడుతుంది, ఒక్క రాత్రిలో అవుతుందని టెంటు హౌసు వాళ్లు చెప్పినా నమ్మొద్దు.

డబ్బు ఇట్లా పంచుకుంటే నిలబడతారు: పలకలు, దీపాలు, వైరింగు కలిపి 45 వేలు. పని చేసిన కళాకారులకు, గొంతు ఇచ్చినవాళ్లకు 40 వేలు. మండపం 25 వేలు. అచ్చులు, పాఠాలు 15 వేలు. రవాణా 10 వేలు. ముట్టుకోకుండా పెట్టే సొమ్ము 15 వేలు. మండపం 25 దాటితే ఒక రోజు తగ్గించండి గానీ రెండో పద్దులోంచి తియ్యకండి. ధిక్కారం మీద ప్రదర్శన పెట్టి గరిటెలు చెక్కేవాడికి శాలువా కప్పి పంపడం బాగుండదు.

ఇక కొండ దగ్గరికి. ఉదయగిరి శిఖరం సముద్రమట్టానికి 3,079 అడుగులని పాత గెజిటీర్లలో ఉంది. ఈ అంకెనే చూపించండి, దారంతో. మగ్గం నూలు, 20 నంబరుది, ఆరు పోగులు కలిపి పేనించండి. చీరాల వైపు దుప్పట్ల నూలు అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతుంది, పేనడం కూడా వాళ్లే చేయిస్తారు. 20 నంబరు ఒంటిపోగు 3,079 అడుగులు తూకం వేస్తే 28 గ్రాములు వస్తుంది. ఆరు పోగులది 166 గ్రాములు. కొండ ఎత్తంతా చొక్కా జేబులో పడుతుందన్నమాట. దాని పక్కనే ఇనుప తీగతో అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున ఖాళీ చట్రం ఒకటి చేయించి బల్ల మీద పెట్టండి. పాఠం ఒక్క వాక్యం: 'ఇందులో పట్టేంత కొండరాయి సుమారు 75 కిలోలు.' రాయి మాత్రం పెట్టకండి. ఎందుకో తర్వాత చెప్తాను.

దారం కట్టే పద్ధతి. మండపం పొడవు 60 అడుగుల్లో రెండు చివర్లా మూడేసి అడుగులు నడవడానికి వదిలితే 54 అడుగులు మిగులుతుంది. 3,079ని 54తో భాగిస్తే 57 వరసలు, ఒక్క అడుగు మిగులు. ఆ మిగులు అడుగును కత్తిరించకుండా ఆఖరి వరస చివర వేలాడనివ్వండి. వరసకూ వరసకూ అంగుళంన్నర ఎడం ఇస్తే మొత్తం ఏడడుగుల వెడల్పు పట్టీ అవుతుంది, తల మీదుగా సముద్రం వైపు నుంచి కొండ వైపుకు పోతున్నట్టు. మొదటి కొసన, సముద్రం వైపు, మన తీరం ఊరు 'తుమ్మలపెంట', రెండో కొసన 'ఉదయగిరి' అని రాయండి, ఎందుకంటే ఆ ఎత్తు ఊరి నుంచి కాదు, సముద్రం నుంచి కొలిచింది. ఉదయగిరి ఊరే సముద్రానికి ఎగువన ఉంది గనక, ఆ మాట రాయకపోతే ఎవరో ఒక లెక్కల మాస్టారు మొదటి గంటలోనే పట్టుకుంటారు.

ఎక్కువమంది ఇక్కడే తప్పు చేస్తారు. దారాన్ని రెండు చివరలా ముడి వేసి చేత్తో బిర్రుగా లాగుతారు. ఒక్కో వరసను అరకిలో బిగువుతో లాగారనుకోండి, 57 వరసలకు 28 కిలోలు దాటుతుంది. ఎనిమిదడుగుల ఎత్తున ఆ లాగుడు పడితే చివరి స్తంభం మొదటి రాత్రే లోపలికి వాలుతుంది. వాలిందంటే దారాలన్నీ ఒకేసారి సడలి సాలెగూడు అవుతుంది. అది విప్పడం కన్నా కొత్తగా కట్టుకోవడం సులువు. దానికి తోడు నూలు పొద్దున తేమకు కురచబడుతుంది, మధ్యాహ్నం వేడికి సాగుతుంది. ముడులు దాన్ని తట్టుకోవు.

కాబట్టి ఒక చివర మాత్రమే ముడి వేయండి. రెండో చివర దారాన్ని ఎనిమిదడుగుల ఎత్తున అడ్డంగా కట్టిన నున్నటి కర్ర మీదుగా దాటించి, కిందికి అడుగున్నర జారనిచ్చి, కొసకు బరువు కట్టండి. తేమ వచ్చినా ఎండ వచ్చినా బరువు పైకీ కిందికీ కదులుతుంది, దారం బిగువు మారదు. బరువు ఏమిటంటే ఉదయగిరి కొయ్య గరిటెలు. నర్ది, కలివి లాంటి కొండకర్రతో అక్కడివాళ్లు తరతరాలుగా చెక్కుతున్నారు. 57 గరిటెలు. కొండ ఎత్తును కొండకర్రే లాగి పట్టుకుంటుంది. చూసేవాళ్లకు ఎవరూ వివరించకుండానే ఎక్కుతుంది.

గరిటెలను వంటింటి తూకం మీద ఒక్కొక్కటే తూచి, వెనక పెన్సిలుతో బరువు రాసుకోండి. 80 గ్రాముల గరిటె కట్టిన దారం 54 అడుగుల మధ్యలో సుమారు మూడంగుళాలు దిగుతుంది. 40 గ్రాములదైతే ఆరంగుళాలు. ఈ తేడాను సరిచేయబోకండి, వాడుకోండి. బరువైనవి రెండు అంచులకు, తేలికవి నడిమికి కడితే పట్టీ మధ్యలో పొట్టలా దిగి, తల మీద తలకిందులైన కొండగీత ఏర్పడుతుంది. దిగుడు ఆరంగుళాలే గనక ఏడున్నర అడుగుల ఖాళీ ఉంటుంది, పొడుగాటివాళ్లకూ తగలదు. 40 గ్రాములకన్నా తేలికైనవి వద్దు, ఫాను గాలికి దారాలు పెనవేసుకుంటాయి. ఆ వరస మీది ఫాన్లు నాలుగు రోజులూ ఆపి, రెగ్యులేటరు మీద టేపు అంటించండి. అంటించకపోతే ఎవరో ఒకరు వేస్తారు. కర్రకు కొవ్వొత్తి రుద్దితే దారం ఒరుసుకోదు. మొత్తం లాగుడు నాలుగు కిలోల లోపే, కాబట్టి టెంటు హౌసు ఇనుప స్తంభాలు, ఒక్కోదాని పాదం మీద 25 కిలోల ఇసుక బస్తా సరిపోతాయి. నూలు కొనేటప్పుడు పది శాతం ఎక్కువ కొనండి. ముడులకు, వేలాడే కొసలకు పోయేది లెక్కలోకి రాదు.

గరిటెలు అరువు తేవద్దు, చెక్కినవాళ్లు చెప్పిన ధరకు కొనండి. ఒప్పుకుంటేనే పేర్లు రాయండి. ప్రదర్శన చివరి రోజు వాటిని అదే ధరకు చూసేవాళ్లకు అమ్మేయొచ్చు. దారం విప్పిన గరిటెను కొనుక్కుపోయినవాడు కొండలో కొంత పట్టుకుపోయినట్టే అనుకుంటాడు, అనుకోనివ్వండి.

రాయి ఎందుకు వద్దన్నానంటే, కొండ మీదున్నవి పాత కోట కట్టడాలు, చుట్టూ ఉన్నది అడవి. ఇటుక ముక్క కూడా తేకూడదు. చట్టం అటుంచినా, ఆ కొండ నుంచి పట్టుకుపోయిన వాటి చరిత్ర పెద్దది. కృష్ణదేవరాయలు 1514లో గజపతుల దగ్గర్నుంచి దుర్గం గెలిచి, అక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ పట్టికలో మీ పేరు ఎక్కనక్కర్లేదు. కొండ ఎక్కే ముందు ఫారెస్టు రేంజి ఆఫీసులో, పురావస్తు శాఖలో అర్జీ పెట్టి, నకలు మీద ముద్ర వేయించుకోండి. డ్రోను ఎగరేయాలంటే దాని అనుమతి వేరే.

కొండ మీద నుంచి తేదగ్గది ఒకటే, రుద్దుడు ముద్ర. చెక్కడాలు, శాసనాల మీద కాదు, దారి పక్క మామూలు బండల మీద. పల్చటి మల్లు గుడ్డ అయితే రెండు గజాల ముక్కలు, కాగితమైతే 60 నుంచి 70 జీఎస్‌ఎం మించనిది. దాని కన్నా మందమైతే రాయి గరుకు పైకి రాదు. బండను మెత్తటి చీపురుతో ఊడ్చి, గుడ్డ పరిచి, నాలుగు మూలలా పిడికెడు ఇసుక మూటలు పెట్టండి. టేపు దుమ్ముకు అంటదు, అంటించడానికి తుడిచేలోగా ఎండెక్కుతుంది. 6బీ నుంచి 9బీ దాకా మెత్తటి గ్రాఫైటు కడ్డీని పడుకోబెట్టి ఒకే వైపుకు రుద్దండి. మైనపు క్రేయాను తీసుకుపోయేవాళ్లు ఎక్కువ, అది చల్లటి ఊళ్ల అలవాటు. మన బండ తొమ్మిది దాటిందంటే కాలుతుంది, మైనం మెత్తబడి గీతలన్నీ ఒకే మరకయి కూర్చుంటాయి. కాబట్టి తెల్లవారుజామున ఎక్కి, ఆరు నుంచి తొమ్మిది లోపు ముగించండి. మంచు పడిన రోజు అరగంట ఆగండి, తడిబండ మీద గ్రాఫైటు పట్టదు. దిగేముందే గీతలు చెరగకుండా కొట్టే ఫిక్సేటివు అడుగు దూరం నుంచి పల్చగా రెండు పూతలు కొట్టి, గుడ్డను మడవకుండా పైపుకు చుట్టండి. మడత పడ్డ చోట గీత జీవితాంతం పోదు. ఆరుగురు ఒక పూటలో ఎనిమిది ముద్రలు తేగలరు, అంతకు మించి ఆశపడితే అన్నీ తొందరపాటువే వస్తాయి.

ఎర్రమట్టి రంగుతో గోడంత బొమ్మ వేస్తామన్నారు, బాగుంది. మట్టి కొండది కాదు, దారిలో ఎవరి చేనుదైనా అడిగి తెచ్చుకోండి, బకెట్టు చాలు. నీళ్లు పోసి బాగా కలిపి ఒక్క నిమిషం ఆగండి. ఇసుక అడుక్కి దిగుతుంది. పైన ఎర్రగా తేలిన నీళ్లను పల్చటి గుడ్డలోంచి ఇంకో బకెట్లోకి వంచి, రాత్రంతా వదిలి, తేరిన నీళ్లు పారబోసి, అడుగున మిగిలిన బురదను పళ్లెంలో ఎండబెట్టి నూరండి. అదే రంగు. తుమ్మబంక ఒక వంతు, వేన్నీళ్లు రెండు వంతులు కలిపి రాత్రి నానబెట్టి వడకట్టండి. రంగు రెండు వంతులకు ఈ బంకనీళ్లు ఒక వంతు, చెంచాడు తేనె, బూజు పట్టకుండా నాలుగు చుక్కల లవంగనూనె. బంక తక్కువైతే ఆరాక రుద్దితే చేతికి అంటుతుంది, ఎక్కువైతే పెంకులు పెంకులుగా లేస్తుంది. మొదట జానెడు ముక్క మీద వేసి, ఒక రోజు ఎండలో పెట్టి, తెల్లగుడ్డతో తుడిచి చూశాకే గోడ మొదలుపెట్టండి. జిగట మట్టి అయితే మందంగా వేసిన చోట పగులుతుంది. పల్చటి పూతలు మూడు వేయండి. ఆ పగుళ్లే కావాలంటే అది వేరే సంగతి, కానీ అప్పుడు కింద బట్ట పరిచి పెట్టుకోండి, రాలుతుంది.

గోడలకు మేకు కొట్టనివ్వరు గనక బొమ్మలు తగిలించడానికి పలకలు: 8×4 అడుగుల ప్లైవుడ్డు, 12 మిల్లీమీటర్లది, 16 షీట్లు. ఒక్కోటి 20 కిలోల పైన తూగుతుంది. వరసగా గోడలా నిలబెడితే పిలకాయలు పరిగెత్తేటప్పుడు తగిలి పేకముక్కల్లా పడతాయి. రెండేసి పలకలను మూడు బందులతో కలిపి, పుస్తకం తెరిచినట్టు 90 నుంచి 120 డిగ్రీల మధ్య నిలబెట్టండి. వెనక ఒక్కో జతకు రెండు ఇసుక బస్తాలు, 25 కిలోలవి. పెయింటు మెరుపు లేని ఎమల్షను, కాస్త బూడిద కలిసిన తెలుపు, రెండు రోజులు ఆరనివ్వాలి. టెంటు హౌసు తళుకు గుడ్డ చుట్టనివ్వకండి, ఎంత ఉచితమన్నా సరే.

బొమ్మ తగిలించే ఎత్తుకు ఒకే సూత్రం పెట్టుకోండి. ప్రతి బొమ్మ నడిమి నేల నుంచి 145 సెంటీమీటర్లు ఉండాలి. బొమ్మ ఎత్తులో సగాన్ని 145కి కలిపి, వెనక తీగను వేలితో పైకి లాగినప్పుడు అది చట్రం పైఅంచుకు ఎంత కింద ఆగుతుందో కొలిచి, అంత తీసేయండి. ఉదాహరణకు 60 సెంటీమీటర్ల ఎత్తు బొమ్మ, తీగ ఎనిమిది కింద ఆగితే, 145కి 30 కలిపి 8 తీస్తే 167. పలకకు మేకు అక్కడ. కళ్లతో చూసి 'బాగానే ఉంది' అని కొడితే పదో బొమ్మకొచ్చేసరికి వరస ఏరులా వంకర పోతుంది.

వెలుతురు మీద జనం పెట్టే ఖర్చు తక్కువ, చెడగొట్టుకునేది ఎక్కువ. మండపం ట్యూబులైట్లు, రంగు బల్బుల తోరణాలు అన్నీ ఆపేయండి. ఒక్కో పలకకు ఒక 12 వాట్ల ఎల్‌ఈడీ స్పాటు, రంగు 3000 లేదా 3500 కెల్విన్, సీఆర్‌ఐ (రంగులు అసలులా కనబడే కొలత) 90 పైన. సీఆర్‌ఐ తక్కువదైతే మీ ఎర్రమట్టి ఇటుకపొడిలా కనబడుతుంది, దుకాణంలో పెట్టె మీద రాసున్నది చదివి కొనండి. స్పాటును పలక పైఅంచుకు బిగించిన ఇనుప చెయ్యి చివర పెట్టాలి. చెయ్యి పొడవు సుమారు 57 సెంటీమీటర్లు. ఎనిమిదడుగుల ఎత్తు నుంచి బొమ్మ నడిమికి వెలుగు ముప్పై డిగ్రీల వాలులో పడాలంటే లెక్క అంతే వస్తుంది. చెయ్యి కురచైతే చట్రం నీడ బొమ్మ మీద పడుతుంది, పొడుగైతే చూసేవాడి తల నీడ పడుతుంది. కాగితం, గుడ్డ పనులకు డిమ్మరుతో వెలుగు తగ్గించి 50 లక్స్ దాటనివ్వొద్దు, ఫోనులో కొలిచే యాప్ ఉజ్జాయింపుకు సరిపోతుంది. అద్దం వేసిన చట్రాలు వద్దు. ఎదుటి కిటికీ, ఎదుటివాడి చొక్కా, అన్నీ అందులోనే కనబడతాయి.

కరెంటు: 16 స్పాట్లు కలిపినా రెండు వందల వాట్లే, భయం లేదు. వీడియోలకు పెట్టే ప్రొజెక్టరు మాత్రం వేరే లైను మీద పెట్టండి. ఆరు ఆంపియర్ల సర్క్యూటు మీద 1,100 వాట్లు దాటకండి. కాఫీ కెటిలు అదే బోర్డులో గుచ్చినప్పుడే ఎంసీబీ పడేది, పడేది కూడా ప్రారంభం నాడే. ప్రొజెక్టరుకు చిన్న యూపీఎస్ ఉండాలి. దీపంతో నడిచేదైతే, కరెంటు పోగానే దాని లోపలి ఫాను ఆగితే దీపం దెబ్బతినొచ్చు. తలుపుల దారి గుడ్డలతో మూయకండి, రెండు మంటలార్పే సిలిండర్లు కనబడే చోట పెట్టండి.

ఇప్పుడు గొంతులు. దూబగుంట చుట్టుపక్కల ఆ రోజులు చూసిన ఆడవాళ్లు ఇంకా ఉన్నారు, వయసు మీద పడింది. మొదటిసారి పోయినప్పుడు మైకు తీయకండి. రెండోసారి తీయండి. ఎందుకు రికార్డు చేస్తున్నారో, ఎక్కడ వినిపిస్తారో, వద్దంటే ఏ రోజైనా తీసేస్తారనీ ముందే చెప్పి, ఆ ఒప్పుకోలునే మొదటి అర నిమిషం రికార్డు చేయండి. సంతకం కన్నా అదే మేలు. కాలరు మైకు వాడాలి, ఇంట్లో ఫాను ఆపాలి, రికార్డరు మీటరు గరిష్ఠం మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర తిరగాలి. ఒక్కొక్కరి నుంచి మూడు నిమిషాలే వినిపించండి. స్పీకర్లు పెడితే మండపంలో నాలుగు గొంతులు కలిసి సంత అవుతుంది. పాత లాండ్‌లైను రిసీవర్లు పాతసామాను అంగళ్లలో దొరుకుతాయి. వాటి చెవిముక్కను చిన్న ఎంపీత్రీ బోర్డుకు కలిపి పలకకు తగిలించండి. చెవికి ఆనించుకుంటే ఒక పెద్దమ్మ ఒక్కరితోనే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. తీగ రెండడుగులకు మించకుండా, లోపల ముడి వేసి బిగించండి. పిలకాయలు లాగేది అక్కడే. నేల మీద, పలకల వెనక జంపఖానాలు వేస్తే మండపం మోత సగం చస్తుంది.

మీరు పెడతామన్న సారా పొట్లాల గోడ గురించి. ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో పొట్లాల్లో అమ్మించిన కాలం గుర్తు చేయాలన్న ఆలోచన సరైనదే. కానీ పొట్లాల్లో రంగునీళ్లు నింపి వందల కొద్దీ వేలాడదీస్తే రెండో రోజుకు కారడం మొదలవుతుంది, కింద వైరింగు ఉంటుంది. ఖాళీ పొట్లాలే కట్టండి, నింపనివి. తాగేసినవి గదా, ఖాళీగానే ఉండాలి.

దిగంబర కవుల గోడకు కవితలు పెద్దక్షరాలతో ఎక్కించేస్తామన్నారు. కవి పోయాక అరవై ఏళ్ల దాకా హక్కు వారసులది, రాతపూర్వకంగా అడగండి. అడగలేకపోతే కవిత వద్దు, వాళ్ల పద్ధతి తీసుకోండి. సొంత కాలెండరు అచ్చేసి పంచండి, మీ ఋతువుల పేర్లు మీరు పెట్టుకోండి. మెట్టసీమలో ఉన్నవాళ్లకు ఆరు ఋతువులు అక్కర్లేదు, మూడు చాలనుకుంటాను. రిక్షావాడి చేత ఆవిష్కరణ మాత్రం తిరిగి ఆడకండి. 1965లో అది తెగువ, ఇప్పుడు ఫొటో. గరిటెలు చెక్కే మనిషి ప్రారంభించాలనుకుంటే ఆయన్ను ఏర్పాట్ల మొదటి రోజే పిలిచి, ఏది ఎక్కడుండాలో ఆయన మాట కూడా వినండి. జ్యోతి, శాలువాలు, ముఖ్య అతిథి ముఖం వేసిన ఫ్లెక్సీ ఏవీ వద్దు. దిగంబర కవుల కవిత్వంలో ఆడదేహాన్ని తిట్టుకు వాడుకున్న తీరు మీద తర్వాత వచ్చిన విమర్శను కూడా దాచకండి. ఎదుటి గోడ మీదున్న పెద్దమ్మలు ఎట్లాగూ అడుగుతారు.

పాఠాలు తెలుగులో, ఒక్కోటి డెబ్బై మాటలకు మించకుండా. 24 పాయింట్లకన్నా చిన్నక్షరం వద్దు, వరసల మధ్య ఒకటిన్నర ఎడం ఉంటే ఒత్తులు కింది గుడులకు తగలవు. అచ్చు అంగట్లో ఇప్పటికీ యూనికోడు కాని అను ఫాంట్లే వాడేవాళ్లున్నారు. మీరు యూనికోడులో పంపింది అక్కడ తెరిస్తే 'ఉద్యమం' ఏదో పిచ్చి గీతలుగా మారుతుంది. ఫాంటు అవసరం లేకుండా అక్షరాలను బొమ్మగీతలుగా (అవుట్‌లైన్లుగా) మార్చిన పీడీఎఫ్ పంపి, ఒక నమూనా కాగితం మీద తీయించి ఒత్తులన్నీ చూసుకున్నాకే మొత్తం ముద్రించండి.

మండపం వేదిక మీద ఏ పనీ పెట్టకండి. పెళ్లికొడుకు కుర్చీ జాగాలో బొమ్మ పెడితే దానికి దండం పెట్టేవాళ్లు తయారవుతారు. రెండు బల్లలు వేసి ఖాళీగా వదలండి. ఎక్కి వెనక్కి తిరిగితే దారాల పట్టీ మొత్తం ఒక్క చూపులో కనబడే చోటు అదొక్కటే.

వేళలు సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది. మధ్యాహ్నం ఎవరూ రారు, కాపలాకు మాత్రం ఇద్దరు ఉండాలి. ముట్టుకోవద్దన్న బోర్డులకు బదులు ముట్టుకోదగ్గ గరిటె ఒకటి వాకిట్లో వేలాడదీయండి, లోపలివాటి జోలికి పోవడం చాలా తగ్గుతుంది.

విప్పేటప్పుడు దారాన్ని కత్తిరించకుండా బరువులు తీసి, ఒక్కో వరసనూ అట్టముక్కకు చుట్టి అంకె వేయండి, ఇంకో ఊళ్లో కట్టుకోవచ్చు. రికార్డింగులు ఆ పెద్దమ్మల ఇళ్లకు పోయి, ఇంట్లో ఎవరి ఫోనులో వింటారో ఆ ఫోనులోకి ఎక్కించి, ఒకసారి మోగించి చూపించి రండి. పెన్‌డ్రైవు ఇచ్చి వస్తే అది బీరువాలోనే ఉండిపోతుంది.